వాల్వ్ కట్టొద్దన్నారు, కట్టాను

మా తాత నీరుగంటి. అనంతపురం జిల్లాలో మా ఊరి చెరువు తూము కింద ఏ కయ్యకు ఎప్పుడు నీళ్ళు వదలాలో ఆయనే చూసేవాడు. నాకు ఊహ తెలిసేసరికే చెరువు మరవ పారడం మానేసింది, తూములో తుమ్మచెట్టు మొలిచింది. తాత పార భుజానేసుకుని అర్ధరాత్రి ఆయకట్టు మీద తిరగడం నేను చూడలేదు, విన్నదే. నీళ్ళ పనే నాకూ అబ్బింది గానీ వేరే రకంగా. పదకొండేళ్ళుగా చీనీ తోటల్లో డ్రిప్ పైపులు బిగిస్తున్నాను.

ఆ ధీమాతోనే, లద్దాఖ్‌లో ఓ చిన్న ఊళ్ళో మంచు స్తూపం కట్టడానికి పైపుల పని తెలిసినవాడు కావాలని స్నేహితుడు అడిగితే "పైపులే కదా, వస్తా" అన్నాను. జీతం లేదు. తిండీ, పడకా ఊరివాళ్ళవి. ఊరి పేరు రాయను. వాళ్ళలో వాళ్ళకు వచ్చిన ఓ తగువు సంగతి కూడా ఇందులో ఉంది, పేరుపెట్టి బజారున వేయడం నాకిష్టం లేదు. లేహ్ నుంచి మనాలి రోడ్డులో సింధునది వెంబడి ఉప్షి దాకా వెళ్ళి, అక్కడ పక్క లోయలోకి ఎక్కితే వస్తుంది. ఎత్తు దాదాపు 4000 మీటర్లు. పొయ్యి వెలిగే ఇళ్ళు 26.

స్తూపం ఎందుకో ముందు చెప్పాలి. మా జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, దానికే కరువు జిల్లా అని అర్జీలు పెట్టుకుంటాం. లేహ్‌లో పడేది 100. అక్కడి మట్టి మిద్దెలు వాన కోసం కట్టినవే కావు. ఉన్న నీళ్ళన్నీ కొండ మీద మంచు కరిగి వచ్చేవే. పండేది ఒక్క కారు, బార్లీ, బఠాణీ. ఏప్రిల్, మే నెలల్లో విత్తితేనే సెప్టెంబరులో కోత, ఆలస్యమైతే గింజ గట్టిపడకముందే చలి మళ్ళీ వచ్చేస్తుంది. చిక్కేమిటంటే విత్తనానికి నీళ్ళు కావాల్సిన మే నెలలో పైన హిమనదం ఇంకా నిద్రలోనే ఉంటుంది. జూన్ సగం దాటాక కదులుతుంది. జులైలో వాగు హోరెత్తుతుంది, అప్పటికి అంత నీళ్ళతో పనిలేదు. చలికాలమంతా అదే వాగులో సన్నటి ధార పొలాలకు అక్కర్లేకుండా రాత్రీ పగలూ సింధులోకి పోతూనే ఉంటుంది. ఆ ధారను ఊరి పక్కనే గడ్డకట్టించి మే దాకా దాచుకోవడమే మొత్తం ఆలోచన.

దీన్ని మొదట చేసి చూపించినాయన ఛెవాంగ్ నోర్ఫెల్, సివిల్ ఇంజినీరు. పెరట్లో కుళాయి నీళ్ళు ఎండలో పారుతున్నాయి గానీ చెట్ల నీడలో గడ్డకడుతున్నాయని గమనించి, 1987 ప్రాంతం నుంచి వాగుల్లో అడ్డగోడలు కట్టి పలకల్లా మంచు పేర్చడం మొదలుపెట్టాడు. 2015లో పద్మశ్రీ ఇచ్చారు. పలకకు నీడ కావాలి, నీడ ఉండే ఎత్తులోనే పెట్టాలి. 2013 చివర్లో లద్దాఖ్ ఇంజినీరు సోనమ్ వాంగ్‌చుక్, ఆయన విద్యార్థులు ఆ మంచునే నిలువుగా లేపారు. శంకువు ఆకారంలో ఉంటే లోపల మంచు ఎక్కువ, ఎండకు దొరికే ఒళ్ళు తక్కువ. అందుకే ఊరి పక్కన ఎండలో పెట్టినా నెమ్మదిగా కరుగుతుంది. స్తూపం అంటే మనకు అమరావతి బోర్లించిన గిన్నె గుర్తొస్తుంది. ఇది అలా కాదు, కుప్పనూర్పిన ధాన్యపు రాశిలా మొన తేలి ఉంటుంది.

నవంబరు మూడో వారంలో లేహ్‌లో దిగాను. విమానంలో నా పక్క సీటు జవాను శ్రీకాకుళం కుర్రాడు. నా చేతిలో 'ఈనాడు' చూసి తెలుగులో పలకరించి, "అన్నా, రెండ్రోజులు మంచం దిగకు. మెట్లు కూడా ముసలోడిలా ఎక్కు" అన్నాడు. నవ్వాను. ఆ సాయంత్రం బూటు తాడు కట్టుకోవడానికి వంగితే గుండె చెవుల్లో కొట్టుకుంది. మూడు రోజులు పడుకుని, వేడినీళ్ళు తాగి, నాలుగో రోజు ఊరికి బయల్దేరాను.

నాకు పడక ఇచ్చినావిడను అందరిలాగే ఆమా-లే అన్నాను. అమ్మా అన్నమాట, చివర 'లే' మన 'గారు' లాంటిది. నన్ను నోనో అంది, అంటే తమ్ముడు, పిల్లోడు. నాకు ముప్పై నాలుగేళ్ళు! కొడుకు సైన్యంలో, కోడలూ మనవళ్ళూ లేహ్‌లో. ఇంత ఇంట్లో ఆవిడొక్కతే, కింద రెండు ఆవులు, ఒక జో, అంటే యాక్‌కూ ఆవుకూ పుట్టిన పశువు. చలికాలమంతా ఇంటి జీవితం వంటగదిలోనే, పొయ్యి చుట్టూనే. పిడకల పొయ్యి వాసన తగలగానే మా అవ్వ ఇల్లు గుర్తొచ్చి సగం బెంగ పోయింది.

ఇంట్లోంచి ఆవకాయ జాడీ పట్టుకెళ్ళాను. మాది వేరుశెనగ నూనె. మూడో రోజుకు జాడీలో నూనె తెల్లగా పేరుకుని, చెంచా దిగితే ఒట్టు. ఆమా-లే దాన్ని పొయ్యి గట్టు మీద పెట్టింది. గంట తర్వాత అంచుల్లో ఎర్రగా కరిగింది. ఆవిడ వేలితో అద్ది నాకి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, మళ్ళీ అద్దింది. ఆ తర్వాత జాడీ స్థానం అదే, యాజమాన్యం కూడా ఆవిడదే. అన్నం సంగతి మాత్రం కుక్కర్ లేకపోతే లేదు. ఆ ఎత్తులో నీళ్ళు 87 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, పప్పు ఎంతసేపు ఉడికినా గులకరాళ్ళే.

మరుగుదొడ్డి కూడా నీళ్ళు లేనిదే. మిద్దె మీద గదిలో నేలకు కంత, పక్కన మట్టి, బూడిద కుప్ప, ఓ పార. పని అయ్యాక ఒక పార మట్టి. కింద అరలో పేరుకున్నది వసంతంలో పొలానికి ఎరువు. మొదటివారం సిగ్గుపడ్డాను. తర్వాత మా ఊళ్ళో ఒక్కో ఫ్లష్‌కు పోయే బకెట్ గుర్తొచ్చి సిగ్గు అటు మళ్ళింది.

ఇక పని. ఊరికి పైన వాగులో ఒకచోట రాళ్ళు అడ్డం పెట్టి చిన్న గుంట చేశారు. అక్కడి నుంచి స్తూపం చోటు దాకా కిలోమీటరున్నర పైపు, 60 మీటర్ల పల్లం. మోటారు అక్కర్లేదు. పది మీటర్లకు ఒక కిలో ప్రెషర్, మా లైన్లో చిన్నపిల్లాడికి తెలిసిన లెక్క. రాపిడికి కొంత పోయినా అడుగున నాలుగైదు కిలోలు చేతికొస్తాయి, నీళ్ళు వాటంతటవే నిలువు పైపులో ఎక్కి మొనలోంచి చిమ్ముతాయి. మధ్యలో నిలువు ఇనప గొట్టం, చుట్టూ పాప్లార్ కర్రలు, వాటి మీద సీబక్‌థార్న్ ముళ్ళకంప. తొలి మంచుకు పట్టు దొరకాలి కదా. మంచు పైకొచ్చేకొద్దీ గొట్టానికి ఇంకో ముక్క బిగించి మొనను పైకి లేపుతూ పోవాలి. నల్ల పైపులో చాలాభాగం నేల గడ్డకట్టకముందే అక్టోబరులో పూడ్చేశారట. బండ అడ్డమొచ్చిన చోట ఓ మూడొందల మీటర్లు మాత్రం పైనే వదిలేశారు. నేను చూసి "పర్లేదు" అన్నాను.

పనికి ఇంటికొకరు రావాలి. పిలిచేవాడు చుర్పోన్. 'ఛు' అంటే నీళ్ళు, చుర్పోన్ అంటే నీళ్ళ పెద్ద. ఏ పొలానికి ఏ పొద్దున ఎంతసేపు నీళ్ళో చూసే మనిషి. ఆ మాట వినగానే "మా తాత మా ఊరికి చుర్పోన్" అన్నాను హిందీలో. ఆ ఏడు చుర్పోన్‌గా ఉన్న పెద్దాయన్ని మేమే-లే అనేవాళ్ళు, తాతగారూ అని. డెబ్భై దాటినవాడు. నన్ను ఎగాదిగా చూసి ఒకటే అడిగాడు, "కూలీ ఏమిచ్చేవాళ్ళు?" కళ్ళంలో ఇంటింటా మేర కొలిచేవాళ్ళని చెప్పాను. "ఇక్కడా గింజలే ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు వంతులేశారు, ఎవడూ చెయ్యనంటే నా మీద పడింది" అన్నాడు.

డిసెంబరు రెండో వారంలో నీళ్ళు వదిలాం. మొదట్లో నేను చేసిన తప్పు ధార ఎక్కువ పెట్టడం. నీళ్ళు ఎక్కువ వదిలితే మంచు ఎక్కువ వస్తుందని ఎవరైనా అనుకుంటారు. రాదు. గడ్డకట్టే తీరిక లేక కట్టిన మంచునే కోసుకుంటూ అడుగున పారిపోతాయి. 2016లో మా జిల్లాలో వేరుశెనగ ఎండిపోతుంటే రెయిన్ గన్లు తెచ్చారు, వాటి జోరు చూసిన కళ్ళకు ఇక్కడి చిమ్ము ముక్కు చీదినట్టుంటుంది. అలాగే ఉండాలట. చినుకు గాల్లో ఉండగానే సగం చలి పట్టి, కంపను తాకగానే అతుక్కోవాలి. పది రోజులకు కంప కనిపించకుండా పోయింది. ఆ తర్వాత ప్రతి పొద్దునా ఒక కొత్త పొర, మైనంలా, లోపల నీలంగా. ఊళ్ళో లోసార్, అంటే వాళ్ళ కొత్త సంవత్సరం పండగ, వచ్చింది, పోయింది. కుర్రాళ్ళు మొనకు రంగుల జెండాలు కట్టారు.

రాత్రి కాపలా ఇద్దరిద్దరం. చెయ్యాల్సిందల్లా నీళ్ళు నడుస్తున్నాయో లేదో వినడం. మేమే-లే నాకు మొదటిరోజే చెప్పాడు, "ఏం జరిగినా వాల్వ్ కట్టొద్దు. నీళ్ళు ఆపాల్సి వస్తే ముందు పైన గుంట దగ్గర పైపు తప్పించాలి, కింద వదులుగొట్టం తెరిచి మొత్తం ఖాళీ చెయ్యాలి. నడిచే నీళ్ళు చావవు." తలూపాను.

జనవరి మొదటి వారం. నా జోడీకి జ్వరం, నేనొక్కణ్ణే. రాత్రి రెండు గంటలకు స్ప్రింక్లర్ మూతికి మంచు పట్టి, నీళ్ళు ఒకే పక్కకు పిచికారీలా కొడుతున్నాయి. ఆ పక్కన ఒకరి గడ్డివాము. మైనస్ 22. తడిసిన గడ్డి పొద్దునకు ఇనప దిమ్మె అవుతుంది, పశువులకు ఏప్రిల్ దాకా అదే మేత. నా చేతులు పదకొండేళ్ళుగా ఏం చేస్తున్నాయో అదే చేశాయి. గేట్ వాల్వ్ చక్రం తిప్పి కట్టేశాను. ధార ఆగింది. అబ్బ, ఎంత నిశ్శబ్దం! పైకెక్కి మూతి ఊడదీద్దామంటే చేతి తొడుగు గొట్టానికి అతుక్కుంది, వేళ్ళు పనిచెయ్యలేదు. వదులుగొట్టం గుర్తొచ్చింది, అది అప్పటికే మంచు కింద ఉంది. పైన గుంట దాకా చీకట్లో కిలోమీటరున్నర ఎక్కాలి. ఇక్కడే అసలు నేరం. పొద్దున చూద్దాంలే అనుకుని వెళ్ళి రజాయిలో దూరాను.

పొద్దున పైపు మీద రాయితో కొడితే కర్ర మీద కొట్టినట్టు పలికింది. బయట ఉన్న మూడొందల మీటర్లూ కడ్డీ అయిపోయింది.

తిడతారనుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు, అది ఇంకా కష్టం. మేమే-లే పైపు పొడవునా నడిచి వచ్చి, ఇంటికొకర్ని పిలిచాడు. వేడినీళ్ళు పోద్దామన్నాను. "ఎన్ని పిడకలు కాలుస్తావు?" అన్నాడు. కప్లింగులు విప్పి, ఒక్కో ముక్కనూ పదిమంది పాములా మోసుకెళ్ళి ఎదురుగా ఎండపడే వాలులో పరిచారు. గాలి గడ్డకట్టే చలిలో ఉన్నా అక్కడి ఎండ సూదిలా గుచ్చుతుంది, పైపు నల్లది. మధ్యాహ్నం ఒంటిగంటకు పైపును ఒక కొసన ఎత్తి పట్టుకుంటే, రెండో కొస నుంచి మంచు కడ్డీ సుయ్‌మని జారి బయటపడింది. మా ఊరి పుల్లఐస్ అచ్చులోంచి ఊడినట్టు. పిల్లలు వాటిని కత్తులు చేసుకుని యుద్ధం మొదలుపెట్టారు. చూస్తూ నేనూ నవ్వేశాను, నవ్వాక భయమేసింది. మేమే-లే కూడా నవ్వుతున్నాడు.

మూడు రోజులు పట్టింది. ఒక ముక్క నిలువునా చీలింది, దాన్ని కోసి కలిపాను. బిగించడం పూర్తయి నీళ్ళు మళ్ళీ మొన ఎక్కాక, ఆయన స్పానర్ అడిగాడు. తెరిచి ఉన్న గేట్ వాల్వ్ చక్రం ఊడదీసి, కోటు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి మధ్యకు స్తూపం దాదాపు 12 మీటర్లు లేచింది. నేను ఇంటికొచ్చేశాను. మేలో పది రోజులు సెలవు పెట్టి మళ్ళీ వెళ్ళాను, కరగడం చూడాలని.

ఇక్కడ పైపులోడిగా నా లెక్క చెప్పాలి. అడుగు ఏడు మీటర్ల వ్యాసార్ధం, ఎత్తు 12 అనుకుంటే, గాలీ కంపా పోను 5 లక్షల లీటర్ల పైచిలుకు. వినడానికి గొప్పగా ఉంటుంది. ఎకరాకు ఒక తడి రెండంగుళాలు పెట్టాలంటేనే 2 లక్షలు కావాలి. అంటే మా చలికాలమంతా రెండున్నర ఎకరాలకు ఒక్క తడి. ఫోటోలు చూసి ఎడారిని పచ్చగా చేసేస్తారని రాసేవాళ్ళు ఈ భాగహారం చెయ్యరు. 2015లో లేహ్ దగ్గర ఫ్యాంగ్‌లో కట్టిన పెద్ద స్తూపం 20 మీటర్లది. దాని నీళ్ళు పెట్టింది మొక్కలకు, ఒక్కో మొక్కకు చెంబెడు చాలు. పొలం అలా కాదు. అయితే ఆ ఒక్క తడి మే నెల తడి. దానికోసం మనుషులు కొట్టుకుంటారు. అక్షరాలా కొట్టుకోబోయారు.

వాగు నీళ్ళకు వరస ఉంది. ఏ కాలువ, ఏ ఇల్లు, ఎంత పొద్దు అనేది తాతల నాటి నుంచి తేలిపోయిన లెక్క. నీళ్ళు తగ్గిన ఏడు కట్టే గట్టి వరసను వాళ్ళు 'బందాబస్' అంటారు, మన బందోబస్తే. జమ్మూ డోగ్రా రాజుల కాలంలో రెవిన్యూవాళ్ళు ఇలాంటి కట్టుబాట్లను 'రివాజ్-ఇ-ఆబ్‌పాషీ', అంటే నీటి తడుల ఆచారం అని కాగితం మీద కూడా ఎక్కించారు. కానీ స్తూపం నీళ్ళు ఏ కాగితంలోనూ లేవు. అవి కొత్త నీళ్ళు. ఎవరివి?

పనికొచ్చిన ఇళ్ళవే అన్నారు కుర్రాళ్ళు. ఎవరు ఎన్ని రోజులొచ్చారో ఫోనులో రాసిపెట్టారు. న్యాయమే అనిపించింది నాకు. పై కాలువ వాళ్ళు, మా వాగులోంచి పైపు వేశారు కాబట్టి మొదటి తడి మాదే అన్నారు. గొంతులు లేచాయి, ఒకతను పార పట్టుకుని లేచాడు కూడా. ఆమా-లే గోడవారగా కూర్చుని దారం వడుకుతోంది. ఆవిడ ఇంటి నుంచి ఒక్క రోజు కూలీ లేదు, ఉండటానికి మనిషే లేడు. ఆవిడ పొలం కాలువ చిట్టచివర. చివరి ఆయకట్టు సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. "జనవరి, ఫిబ్రవరి ప్రతి రాత్రీ రెండింటికి కాపలావాళ్ళకి టీ ఎవరు తెచ్చారో ఆ ఫోనులో ఉందా?" అని నేను అడగబోయి ఊరుకున్నాను. బయటివాణ్ణి. పైగా వాల్వ్ కట్టినవాణ్ణి.

మేమే-లే అందరూ అరిచి అలిసేదాకా టీ తాగాడు. తర్వాత చెప్పింది చాలా చిన్నది. స్తూపం నీళ్ళు రాత్రంతా జింగ్‌లోకి, అంటే ఊరి మడుగులోకి పోతాయి. పొద్దున తెరిస్తే పాత వరసలోనే పోతాయి, కానీ తిరగేసి. పాత నీళ్ళు తల నుంచి మొదలవుతాయి, కొత్త నీళ్ళు తోక నుంచి. పై కాలువాయన గొణిగాడు. "నీకు వాగు మొదట, వాళ్ళకు స్తూపం మొదట. రెండూ నీకే మొదటైతే చుర్పోన్ ఎందుకు, నువ్వే తిప్పుకో" అన్నాడు మేమే-లే. పార పట్టుకున్నతను కూర్చున్నాడు. ఒప్పుకున్నట్టు కాదు, కూర్చున్నాడు అంతే. మరుసటి రోజు కూడా ముఖం చాటేశాడు.

ఆ మరుసటి పొద్దున ఐదింటికి నన్ను లేపారు. జింగ్ అడుగున తూముకు గుడ్డపేలికలు చుట్టిన కర్ర బిరడా. మేమే-లే దాన్ని లాగగానే నీళ్ళు గుటకేసినట్టు చప్పుడు చేసి కాలువలో పడ్డాయి. మేం ఇద్దరం ఆ నీళ్ళ ముందు నడిచాం. ఎండు కాలువలో నీటి మూతి చెత్తనూ నురుగునూ తోసుకుంటూ మా నడకతో సమానంగా వస్తోంది. ఆమా-లే పొలం దగ్గర మడవకు రాళ్ళూ, గడ్డివేళ్ళ మట్టిపెళ్ళా అడ్డం. ఆయన పార నా చేతికిచ్చాడు. పెళ్ళ తీసి కాలువకు అడ్డం వేశాను. నీళ్ళు ఒక్క క్షణం ఆగి, పక్కకు తిరిగి, పొడి మట్టిలోకి బుసబుసమంటూ దిగాయి. చేతికి తగిలితే వేళ్ళు కొంకర్లు పోయాయి. జనవరి రాత్రి నా ముఖాన కొట్టిన నీళ్ళే అవి.

ఆమా-లే ఇంటికొచ్చి నాన్నకు ఫోను చేసి మడవ తిప్పానని చెప్పాను. "పెళ్ళ వేర్లు పైకి పెట్టావా కిందికా?" అన్నాడు. వేర్లు కిందికి పెట్టాలట, తాత చెప్పేవాడట. నేను చూసుకోలేదు.

వచ్చేముందు మేమే-లే దగ్గరికి వెళ్ళి వాల్వ్ చక్రం అడిగాను. వంటగది గుమ్మం పక్కన మేకుకు ఉంది, జపమాల పక్కనే. "అక్టోబరులో వస్తావుగా, ఆ మూడొందల మీటర్లు పూడ్చాలి" అన్నాడు. ఇవ్వలేదు.

జూన్ నాలుగో వారంలో ఊళ్ళో కుర్రాడు వీడియో పంపాడు. స్తూపం మొన మధ్యాహ్నం ఎండలో పక్కకు ఒరిగి, రెండు ముక్కలై పడింది. ఇనప గొట్టం వంగి, జెండాలతో సహా ముళ్ళకంపలో నిలబడి ఉంది. పిల్లలు మంచు ముక్కలు చప్పరిస్తున్నారు. వెనక ఆమా-లే గొంతు, ఫోనులోకి అరుస్తోంది: "నోనో, జాడీ ఖాళీ!"